మూడోసారి ఆరో తరగతి

1. మంగళవారం

ఈరోజు నుంచి నేను మాట్లాడకూడదు.

నెలకోసారి శిబిరానికి వచ్చే డాక్టరు నా గొంతులోకి సన్నటి కెమెరా దించి, లోపల ఏముందో తెర మీద నాకే చూపించాడు. స్వరతంత్రుల అంచున రెండు కాయలు ఉన్నాయి. అరచేతుల్లో కాసేలాంటివే. పలకల మీది దుమ్ము, ఆ దుమ్ములో రోజూ పెట్టే కేకలు, పని అయ్యాక గంటల తరబడి పరీక్ష సాధన, మూడూ కలిసి చేసిన పని ఇది అన్నాడు. వానలకు ముందు పరీక్ష ఉంది కదా, అప్పటిదాకా నోరు విప్పొద్దు, దుమ్ములోకి వెళ్ళొద్దు అన్నాడు. అదేదో మజ్జిగ మానేయమన్నంత తేలిగ్గా అన్నాడు.

రమీజా టీచరమ్మ నన్ను బయటికి తీసుకొచ్చి నీడన కూర్చోబెట్టింది. సంచిలోంచి కాగితాల కట్ట తీసి ఒళ్ళో పెట్టింది. ఒకవైపు పాతకాలపు ప్రశ్నలేవో అచ్చయి ఉన్నాయి, రెండోవైపు ఖాళీ.

"నోరు మూసుకోని కూచుంటే తలకాయ పగిలిపోతాది. మాట్లాడాల అనిపించినప్పుడంతా దీని మింద రాసుకో" అంది.

ఇప్పుడు చేత్తో రాసేవాళ్ళు తక్కువ. అందరి తరఫునా యంత్రాలే రాసిపెట్టడం మొదలయ్యాక, రాసిన కాగితం దేనికీ రుజువు కాకుండా పోయింది. అందుకే పరీక్షలన్నీ నోటితోనే. మూసిన గదిలో ఒంటరిగా కూర్చుని, ఎదురుగా ఉన్న యంత్రం అడిగినదానికి జవాబు చెప్పాలి. దాని అసలు పేరు పొడుగ్గా ఏదో ఉంది. మేమంతా దాన్ని చెవి అంటాం.

నా పేరు గరికిన కొర్లమ్మ. పదిహేడేళ్ళు. చదువుతున్నది ఆరో తరగతి. మా ఊరు నడిమూరుపేట సముద్రంలో కలిసిపోయాక మమ్మల్ని మొదట కొండల కింద ఒక శిబిరంలో పెట్టారు. పాత బడి మునిగిపోయింది గనుక చదువుకు రుజువు లేదని పెద్ద పిల్లలందరినీ ఆరో తరగతిలో వేశారు. అడవి అంచున ఉన్న రెండో శిబిరంలోనూ అంతే. ఈ మెట్టప్రాంతానికి వచ్చాక మళ్ళీ ఆరు. ఇక్కడి శిబిరం బడి ఆరుతోనే అయిపోతుంది. ఆ పైన చదవాలంటే గుట్టపల్లెలో చెవి ముందు కూర్చుని, ఏ తరగతికి తగుదుమో తేల్చుకోవాలి. పద్దెనిమిది నిండితే గదిలోకి రానివ్వరు. నాకు వచ్చే చలికాలానికి నిండుతాయి.

2. గురువారం

పలకలు అంటే సోలార్ పలకలు. కనుచూపు మేర అవే. మొదట్లో వాటిని యంత్రాలు తుడిచేవట. వాటి విడిభాగాలు రావడం ఆగిపోయాక మమ్మల్ని తెచ్చారు. కడగడానికి నీళ్ళు లేవు కాబట్టి పొడి గుడ్డతో, మెత్తటి బ్రష్షుతో తుడవాలి. తెల్లవారకముందు మొదలుపెట్టి, పలకలు కాలకముందే ముగించాలి. వరస చివరికి రాగానే ఆ వరస నంబరు గట్టిగా కేకెయ్యాలి. మంచె మీద కూర్చున్న మేస్త్రీ ఓబులేసు అది విని గుర్తు వేసుకుంటాడు. ఒక్కో వరస ఒక్కొక్కరి పేరు మీద ఉంటుంది. అది తుడవకపోతే ఆ ఇంటికి వచ్చే నీళ్ళు సగానికి తగ్గిపోతాయి.

మా ఇంట్లో వరస నా ఒక్కదానిదే. మా అయ్య లచ్చన్నకు కళ్ళల్లో పొర ఉంది. పలక మీద గీతలు పెడతాడని ఆయన్ని పనికి వద్దన్నారు. వేరేవాళ్ళ వరస తుడవడం పెద్ద తప్పు.

డాక్టరు చెప్పింది అయ్య విన్నాడు. నిన్న తెల్లవారుజామున లేచి చూస్తే నా తలగుడ్డ, నా బ్రష్షు కనిపించలేదు. మా పిన్నమ్మ కూతురు నూకాలుది నా పక్క వరస. అదే వచ్చి చెప్పింది. అయ్య నా తలగుడ్డ ముఖానికి చుట్టుకుని నా వరసలోకి దిగాడట. వేళ్ళతో తడుముకుంటూ తుడిచాడట. చివరికి వచ్చాక నంబరు కేకెయ్యాలి కదా, అక్కడ ఆగిపోయాడట. నూకాలే తన నంబరు వేసి, కాస్త ఆగి, నా గొంతుతో నా నంబరు కూడా వేసింది. దానికి ఎవరి గొంతైనా వస్తుంది.

అయ్య తిరిగి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. ఎందుకెళ్ళావని చేతులతో అడిగాను.

"నీ గొంతు బాగయ్యేదాక నానెల్తాను" అన్నాడు. కాసేపటికి తనలో తను అనుకున్నట్టు, "ఊర్లో ఉన్నప్పుడు నీకు ఒక్క పలక కొననేకపోనాను. ఇక్కడ సూడు, ఎన్నున్నాయో" అన్నాడు.

3. ఆదివారం

మాట్లాడకపోతే ఇంత అలుపు వస్తుందని తెలియదు. ప్రతిదానికీ చేతులు ఊపాలి, ఎదుటివాళ్ళ ముఖం కేసి చూడాలి. నీళ్ళ వరసలో ఎవరైనా ముందుకు దూరితే ఊరుకోవాలి. సాయంత్రానికి భుజాలు లాగుతున్నాయి, వరసలోకి దిగిన రోజుల్లో కంటే ఎక్కువగా.

సాధన మాత్రం ఆగలేదు. టీచరమ్మ అడుగుతుంది, నూకాలు గట్టిగా చెబుతుంది, నేను పెదవులు మాత్రం కదుపుతాను. టీచరమ్మది ఇక్కడి ఊరే. చెవులు వచ్చి బడిపంతుళ్ళను ఇళ్ళకు పంపేదాకా పాఠాలు చెప్పింది. రెండేళ్ళ కిందట ఒకరోజు ఎండలో నడుచుకుంటూ శిబిరానికి వచ్చి, ఇక్కడ చదువుకునే పిల్లలు ఎవరున్నారని అడిగింది. ఎందుకొచ్చావని మా వాళ్ళు అనుమానపడ్డారు. ఇంట్లో గోడలకు పాఠం చెప్పి విసుగొచ్చింది అందట.

ఆమె రాకముందు, నాకు పదిహేనేళ్ళప్పుడు, ఒకసారి గుట్టపల్లె వెళ్ళాను. చెవి మొదటి ప్రశ్న అడిగింది. గాభరాలో నాకు సరిగ్గా వినబడలేదు. "ఏటి?" అన్నాను. ఏమిటి అని నా ఉద్దేశం. "మీరు ఏ నది గురించి మాట్లాడుతున్నారు?" అంది చెవి. నేను నది గురించి కాదని చెప్పబోయాను. నాను అన్నాను, సదువు అన్నాను, నేదు అన్నాను. అది ప్రతిదానికీ అస్పష్టం అంది. మూడు అస్పష్టాలు అయ్యాక తలుపు దానంతట అదే తెరుచుకుంది. అది అడిగిన లెక్క నాకు వచ్చు. ఆ మాట చెప్పుకోవడానికి అక్కడ మనిషి లేడు. మరుసటి ఏడు శిబిరానికి బండే పంపలేదు.

టీచరమ్మ వచ్చాక మా మాట మార్చడం మొదలుపెట్టింది. ఆమెకు అది ఇష్టం లేదు. మీ మాటలో తప్పేమీ లేదు, ఆ యంత్రానికే తెలివి చాలదు అని ముందే చెప్పింది. అయినా మాకు సీటు కావాలి. కాబట్టి నాను కాస్తా నేను అయింది, ఎల్తాను వెళ్తాను అయింది. పని చేస్తూ, నీళ్ళు మోస్తూ, నడుస్తూ అదే మాట. నూకాలుకు అది వేషం లాంటిది, గది దాటగానే విప్పి పారేస్తుంది. నాకు అలా రాదు. మారితే పూర్తిగా మారాలి. ఒకసారి అన్నం తింటూ ఏదో అడిగితే అయ్య నా వైపు తిరిగి, "నివ్వు మాటాడతంటే బుగతలింటి గుంట ఎవురో మనింటికొచ్చినట్టున్నాది" అన్నాడు. భూస్వాముల ఇంటి ఆడపిల్లలా ఉన్నానని. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ నొప్పెట్టింది.

4. బుధవారం

నిన్న ఎర్ర గాలి వచ్చింది. ఆ గాలి లేచినప్పుడు పని ఆపాలి, కానీ వరసలో మధ్యలో ఉన్నవాళ్ళు ఎక్కడికి పోతారు. అందరూ పలకల కింద దూరి కూర్చున్నారట. గాలి తగ్గాక నూకాలు అయ్యను చెయ్యి పట్టి తీసుకొచ్చింది. కళ్ళు రెండూ ఎర్రగా వాచిపోయాయి. నీళ్ళు కారుతున్నాయి. మోచేతి దగ్గర పలక అంచు కోసుకుని నెత్తురు గడ్డకట్టింది.

ఇంట్లో మిగిలిన నీళ్ళతో కళ్ళు కడిగాను. ఆయన రేపు కూడా వెళ్తానన్నాడు. గాలికి వరస అంతా మళ్ళీ దుమ్ము పట్టి ఉంటుంది, వెళ్ళకపోతే ఎలా అన్నాడు.

నాకు ఏమైందో, నోరు విప్పేశాను. వద్దు అన్నాను. ఈ చదువూ వద్దు, ఏమీ వద్దు, రేపు నేనే వెళ్తాను అన్నాను. గొంతులోంచి వచ్చింది నా గొంతు కాదు. చెక్క మీద రంపం లాగినట్టు, మధ్యమధ్య గాలి మాత్రమే వచ్చేటట్టు ఉంది. పైగా అది చెవికి నచ్చే భాషలో వచ్చింది.

అయ్య వాచిన కళ్ళు పూర్తిగా తెరవలేక, నేను ఉన్న వైపు కాకుండా గుమ్మం వైపు తిరిగాడు.

"ఎవురు?" అన్నాడు.

నేనే అని చెప్పడానికి ఆయన చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

ఈరోజు తెల్లవారకముందే ఆయన వెళ్ళిపోయాడు. నేను లేచే ఉన్నాను. ఆపలేదు.

5. శనివారం

పరీక్ష అయింది, నాకు తప్ప.

శిబిరం నుంచి ఈసారి బండి పంపారు. గడ్డి మోసే బండి. అందులో తొమ్మిదిమందిమి ఎక్కాం, మాతో టీచరమ్మ. నూకాలు దారంతా నిద్రపోయింది. నేను నోట్లో తడిగుడ్డ పెట్టుకుని కూర్చున్నాను.

నూకాలు ముందు వెళ్ళింది. చాలాసేపు పట్టింది. బయటికొచ్చి పది అంది. పదో తరగతి. ఆ మాట చెవి భాషలోనే అని, వెంటనే మా భాషలో, "అప్పా, నాకు పదిచ్చీసింది" అని ఏడ్చింది.

తరువాత నేను. తలుపు మూసుకుంది. పేరు, ఊరు చెప్పమంది. ఇన్నాళ్ళు దాచుకున్న గొంతుతో, నేర్చుకున్న మాటతో నెమ్మదిగా చెప్పాను. నా పేరు గరికిన కొర్లమ్మ. మా ఊరు నడిమూరుపేట. ఒక్క మాట కూడా తడబడలేదు. అస్పష్టం అనలేదు. కాస్త ఆగి ఇలా అంది:

"మీ మాటలు స్పష్టంగా ఉన్నాయి. కానీ ఈ గొంతు గరికిన కొర్లమ్మది కాదు."

ఇంకొకరి బదులు జవాబులు చెప్పడానికి వచ్చిన మనిషినని అనుకుంది. నేనే అన్నాను. మళ్ళీ అదే జవాబు. అప్పుడు అది నన్ను ఒప్పించడానికి అన్నట్టు పాత గొంతు వినిపించింది. ఈ ప్రాంతానికి వచ్చిన రోజు దిగిన వాళ్ళందరి గొంతులూ తీసి పెట్టుకున్నారు. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు.

"నా పేరు గరికిన కొర్లమ్మ. మావూరు సముద్రంలోన కలిసిపోనాది. మాయమ్మ రెండో శిబిరంలోన ఉండిపోనాది. నాను, మాయయ్య వొచ్చినాము."

రెండో శిబిరంలో జ్వరంతో పోయిన అమ్మను అక్కడే మట్టిచేసి వచ్చాం. చనిపోయింది అనడం చేతకాక ఉండిపోయింది అన్నాను. అంత సన్నటి గొంతు. ఊళ్ళో అందరూ అమ్మ గొంతే అనేవాళ్ళు. ఆ గదిలో కూర్చుని నేను దాన్ని వింటున్నాను, ఆ గొంతు ఎవరిదో నాకు బాగా తెలుసు, కానీ నేనే అది అని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

తలుపు తెరుచుకుంది. బయట ఉన్న పరీక్షల అధికారిణికి టీచరమ్మ అంతా చెప్పింది. ఆమెది చిన్న వయసే, పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు. డాక్టరు మాట చాలదా అని టీచరమ్మ అడిగింది. చాలదట. డాక్టరుకు కాయలు తెలుసు, గొంతు తెలియదు. నేను ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ నా గొంతు విన్న స్థానికులు ఇద్దరు చెవి ముందు కూర్చుని, ఈమె ఆమే అని చెప్పాలి. శిబిరంలో ఉండేవాళ్ళ మాట చెల్లదు. రేపు సాయంత్రంతో పరీక్షలు ముగుస్తాయి.

రెండేళ్ళే అయినా టీచరమ్మను ఒకరిగా ఒప్పుకున్నారు. రెండో మనిషి ఎవరు? తిరుగు బండిలో ఒక్కొక్కరినీ లెక్కేసుకుంటూ వచ్చాను. మొదటి రోజు నుంచీ నా గొంతు విన్న స్థానికుడు ఒక్కడే ఉన్నాడు. ఓబులేసు.

6. అదే రోజు, సాయంత్రం

టీచరమ్మ నాతో వస్తానంది. వద్దని చెయ్యి ఊపాను. ఆయన దగ్గర నేనే అడగాలి.

ఓబులేసు మంచె కింద కూర్చుని బ్రష్షులకు పిడులు బిగిస్తున్నాడు. ఆయన మమ్మల్ని ఎప్పుడూ తిట్టింది లేదు, మెచ్చుకున్నదీ లేదు. గీత పడితే గీత అంటాడు, మిగిలితే మిగిలింది అంటాడు. నేను నా రంపం గొంతుతో జరిగింది చెప్పాను. ఆయన పిడి బిగించడం ఆపలేదు.

"నువ్వు ఈ నడమ వరసలోకి రాల్యా. తెలుసు నాకు" అన్నాడు.

నేను నేల చూశాను.

"మీ నాయన తుడుస్తాండాడు. కేక ఆ పక్క పాప ఏస్తాండాది. మొదటి దినమే తెలిసె. కేక మంచి కేకే, నీ మాదిరే ఉండాది. కానీ నువ్వు కేకేసేటప్పుడు ముందు ఒకసారి దగ్గుతావు. ఆ పాప దగ్గల్యా."

ఇన్నాళ్ళూ తెలిసి ఊరుకున్నాడు. ఎందుకని అడగలేదు. ఆయనే చెప్పాడు, రేపు చెవి ముందు కూర్చుంటే అది ఊరుకోదని. చివరిసారి ఈ గొంతు ఎప్పుడు విన్నావని అడుగుతుంది. నిజం చెబితే వరసలో నువ్వు లేవని బయటపడుతుంది. తెలిసి ఊరుకున్నానని కూడా బయటపడుతుంది. మీ ఇంటికి నీళ్ళు తెగుతాయి, నా పని పోతుంది. అబద్ధం చెబితే ఆ గదిలో పట్టేసుకుంటారు. తన ఇంట్లో మంచాన పడిన తల్లి ఉందని కూడా అన్నాడు, లెక్క చెబుతున్నట్టు, నన్ను నిందించకుండా.

ఆయన అన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు కాదు.  సరే అన్నాను. తిరిగి వచ్చేస్తుంటే వెనక నుంచి ఏమైనా అంటాడేమోనని నెమ్మదిగా నడిచాను. పిడి మీద సుత్తి దెబ్బలు తప్ప ఏమీ వినబడలేదు.

అయ్యకు చెప్పాను. ఆయన కళ్ళు కొంచెం తెరుచుకుంటున్నాయి. "ఆయన్ని ఏటీ అనుకోకు. ఆయనకీ ఇల్లున్నాది" అన్నాడు.

7. సోమవారం

నిన్నటి సంగతి ఈరోజు రాస్తున్నాను. నిన్న చెయ్యి ఆడలేదు.

పొద్దున్నే నేనూ టీచరమ్మా నడిచి గుట్టపల్లె వెళ్ళాం. టీచరమ్మ చెవి ముందు కూర్చుని తన సాక్ష్యం చెప్పి వచ్చింది. తరువాత వరండాలో ఒక బల్ల మీద కూర్చున్నాం. పిల్లలు లోపలికి వెళ్తున్నారు, వస్తున్నారు. ఒకమ్మాయి మూడు అస్పష్టాలతో బయటికి వచ్చి, గోడకు తల ఆనించి నిలబడింది. టీచరమ్మ లేచి వెళ్ళి ఆ అమ్మాయికి మంచినీళ్ళు ఇచ్చి, ఏ శిబిరమో కనుక్కుని వచ్చింది.

ఎండ వరండాలోకి వచ్చి, మా కాళ్ళ మీదుగా పాకి, మళ్ళీ వెళ్ళిపోయింది. నాకు నిద్ర ముంచుకొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ నిద్రలో కొంత హాయి కూడా ఉంది. ఇక అయిపోయింది, రేపటి నుంచి వరసలోకి దిగుతాను, అయ్య ఇంట్లో కూర్చుంటాడు, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు అనుకున్నాను. ఇన్నేళ్ళు ఆశపడటం కూడా ఒక చాకిరీయే.

గేటు మూసేవాడు తాళాలు తీసుకుంటున్నప్పుడు ఓబులేసు వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి, చొక్కా దులుపుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా గది ఎక్కడ అని అధికారిణిని అడిగాడు. ఆమె నన్ను కూడా లోపలికి పిలిచింది.

చెవి ఆయన పేరు అడిగింది, ఊరు అడిగింది. ఈ మనిషిని ఎప్పటి నుంచి ఎరుగుదువు అని అడిగింది. మూడేళ్ళ నుంచి అన్నాడు. చివరిసారి ఈ గొంతు పనిలో ఎప్పుడు విన్నావు అని అడిగింది. ఆయన అనుకున్న ప్రశ్నే.

ఓబులేసు నా వైపు చూడలేదు. ఆ యంత్రం వైపే చూస్తూ, మెల్లగా, తన తప్పు దాచకుండా చెప్పాడు. గొంతు పాడైన రోజు నుంచి ఈ పాప రాలేదని, కంటిచూపు లేని తండ్రి ఆమె బదులు తుడిచాడని, అది తనకు తెలుసని, తెలిసి గుర్తు వేశానని. పలకల మీద ఒక్క గీత కూడా పడలేదని చివర్న చెప్పాడు, అది కూడా లెక్కలోకి రావాలన్నట్టు.

"ఈ గొంతు ఆమెదేనని మీరు ఎలా చెప్పగలరు?" అంది చెవి.

"మూడేండ్లు దినామూ పొద్దున్నే విన్నా. పలకలతో బాటు ఆ గొంతు అరిగేదీ విన్నా. ఒక్కనాటితో మారల్యా అది, దినానికింత మారింది. నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తాది?"

అధికారిణి చాలాసేపు తెర మీద ఏదో చూసింది. తరువాత తన వేలిముద్ర పెట్టి ఒప్పుకుంది. నన్ను కూర్చోమంది. ఓబులేసు బయటికి వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు. నేను లేచి నిలబడ్డాను. "కూచో. గేటు మూస్తారంట" అన్నాడు, అంతే.

చెవి అడగడం మొదలుపెట్టింది. గొంతు చాలాచోట్ల గాలిగా మిగిలిపోయింది. జవాబు తెలిసిన చోట కంగారులో నా పాత మాట, కొత్త మాట కలిసిపోయాయి. రెండుసార్లు అస్పష్టం అంది. మూడోది రాకుండా ప్రతి మాటకూ ముందు ఆగి, ఊపిరి పీల్చుకుని చెప్పాను. లెక్కలు చెప్పాను, భూమి గురించి, రక్తం గురించి చెప్పాను. కోణాల దగ్గరికి వచ్చాక నాకు తెలిసింది అయిపోయింది. తెలియదు అన్నాను. అది ఒప్పుకుని ఆగింది.

తొమ్మిది.

నూకాలు కంటే కింద. కానీ ఆరు కాదు. టీచరమ్మ వరండాలో నా తల దగ్గరికి తీసుకుని, "తొమ్మిది చాలు పాపా, తొమ్మిది తర్వాత పదే వస్తాది" అంది. 

8. శుక్రవారం

నీళ్ళు సగం చేశారు. వానలు మొదలయ్యేదాకా ఇంతే. పిన్నమ్మ రోజూ ఒక బిందె తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్తోంది. అయ్యకు కేకలు పడ్డాయి, ఇక వరసల దగ్గరికి రాకూడదన్నారు. నా వరస వేరేవాళ్ళ పేరు మీదికి పోయింది.

ఓబులేసును తీసేయలేదు. ఎర్రనేలల అవతల, ఎవరూ వెళ్ళడానికి ఒప్పుకోని పలకల పొలానికి పంపారు. ఆయన వెళ్ళే రోజు నేనూ అయ్యా మంచె దగ్గరికి వెళ్ళాం. తల్లిని తోపుడు బండి మీద పడుకోబెట్టి, ఎండ తగలకుండా గుడ్డ కడుతున్నాడు. అయ్య బండి రెండో వైపు తడుముతూ వెళ్ళి, ముడి వేయడానికి సాయం చేశాడు. పడవ తాళ్ళకు వేసే ముడి వేశాడు. ఓబులేసు దాన్ని లాగి చూసి బాగుందన్నాడు. నేను రెండు చేతులూ జోడించాను. గొంతు మానలేదు, ఇంకా మాట్లాడకూడదు నేను.

"బాగా చదువుకోమ్మే" అని, బండి తోసుకుంటూ పోయాడు. వాళ్ళు మలుపు తిరిగేదాకా అయ్య అటే ముఖం పెట్టి నిలబడ్డాడు. ఆయనకు ఏమీ కనిపించి ఉండదు.

9. సోమవారం

బడికి పోయి వచ్చాను.

తెల్లవారకముందే బయలుదేరాం, నూకాలూ నేనూ. గుట్టపల్లె బడి గేటు దగ్గర అది పదో తరగతి వైపు పరుగెత్తింది. నన్ను తొమ్మిదిలో వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. ముందు వరసల్లో వాళ్ళంతా నాకంటే మూడేళ్ళు చిన్న. బల్ల కింద నా మోకాళ్ళు పట్టలేదు. పక్కనున్న అమ్మాయి నేను టీచరునా అని అడిగింది. కాదని తల ఊపాను. కాసేపు నన్ను చూసి, తన డబ్బాలోంచి వేయించిన శనగలు నా వైపు తోసింది.

నడిచిన అలుపుకు మొదటి రెండు పాఠాల్లో కళ్ళు మూతలు పడ్డాయి. మూడోది లెక్కల పాఠం. ఇక్కడ పాఠం చెప్పేది మనిషే. ఒక నడివయసు ఆయన, కిటికీలోంచి కనిపించే కొండను చూపించి, దాన్ని ఎక్కకుండా, దాని దగ్గరికి కూడా వెళ్ళకుండా దాని ఎత్తు చెప్పొచ్చు అన్నాడు. బోర్డు మీద ఒక త్రికోణం గీశాడు. సైన్ అన్నాడు, కాస్ అన్నాడు. పిల్లలు ఆవలిస్తున్నారు. నేను ముందుకు వంగాను. మొదటి గీత అర్థమైంది. రెండోది అర్థమైనట్టే ఉంది. మూడో గీత దగ్గర ఏమీ తెలియలేదు. ఎంత చూసినా తెలియలేదు. గంట కొట్టారు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నడక చప్పుడు విని నేనేనని పోల్చుకున్నాడు. ఈరోజు ఏం చెప్పారని అడిగాడు. ఆయన పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి, ఊపిరితోనే చెప్పాను. కొండ ఎక్కకుండానే దాని ఎత్తు తెలుసుకోవచ్చంట అయ్యా అన్నాను. నాకు తెలియకుండానే మా మాటలో వచ్చింది.

"ఎలగ?" అన్నాడు.

"తెల్దయ్యా. నాకు బోదపడనేదు."

అయ్య గుమ్మానికి వీపు ఆనించాడు.

"మంచిదే" అన్నాడు. "తెలిసిందే మల్లీ సెప్తే అంత దూరం నడిసి ఎల్లడమెందుకు? రేపు అడుగు."

అడుగుతాను. కాళ్ళు బొబ్బలెక్కాయి. పిన్నమ్మ తెచ్చిన నీళ్ళలో కొన్ని కాళ్ళకు పోసుకోమని అయ్య అంటున్నాడు. వద్దన్నాను. తాగడానికి ఉంచాలి. తెల్లారితే మళ్ళీ నడక. పడుకుంటున్నాను.